గోడకు వేలాడే గండం

'బంగాళాఖాతంలో అల్పపీడనం' అన్న మాట వినపడితే చాలు, గోదావరి డెల్టాలో ఎవరి పని వాళ్ళకు గుర్తొచ్చేస్తుంది. కోసిన పనలు కుప్ప వేయాలి, ఆరబోసిన ధాన్యం మీద బరకాలు కప్పాలి. కొబ్బరికాయలు దింపించాలి. ఇంట్లో ఆడవాళ్ళు ట్యాంకు నింపుతారు, పాలప్యాకెట్లు రెండు ఎక్కువ తెప్పిస్తారు, కొవ్వొత్తులు వెతుకుతారు. పిల్లలు సెల్‌ఫోన్లు చార్జింగు పెడతారు. రాత్రికి రాత్రే ఊరంతా సిద్ధం! కానీ ఇంత హడావుడిలోనూ ఎవరూ తలెత్తి చూడని వస్తువు ఒకటుంది. మేడ గోడకు వేలాడుతూ, ఎండాకాలమంతా బుస్సుమని వేడిగాలి వదిలే తెల్లటి పెట్టె. ఏసీ ఔట్‌డోర్ యూనిట్.

మండపేటలో మా వీధి ఒక్కదాంట్లో అలాంటివి పందొమ్మిది ఉన్నాయి. కిందటేడు అక్టోబరు చివర్లో, 'మొంథా' తుపాను హెచ్చరికలు మొదలైన ఆదివారం నాడు లెక్కపెట్టాను. కొన్ని డాబా మీద స్టాండుపై ఉన్నాయి. నాలుగు నేలమీదే ఇటుకల మీద కూర్చున్నాయి. మిగిలినవన్నీ గోడకు రెండు ఇనుప కోణాలు దిగ్గొట్టి నిలబెట్టినవే. వాటికింద నుంచి జనం నడుస్తుంటారు, సైకిళ్ళు పోతుంటాయి. ఒక దాని కింద బజ్జీల బండి కూడా ఉంది. మరి తుపాను జాగ్రత్తల జాబితాల్లో బిస్కెట్లు, టార్చిలైటు, మందులు ఏటా కనిపిస్తాయిగానీ ఈ పెట్టె ఊసు మాత్రం ఎక్కడా ఉండదు.

ఉండకపోవడానికి కారణం ఉంది. మన తుపాన్ల జ్ఞాపకాలన్నీ ఏసీలు రాకముందువి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను నాటికి నేను చిన్నపిల్లవాణ్ణి. ఆ ఒక్క రాత్రిలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరితోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడిపోయాయి. మా ఇంట్లో అప్పుడు కరెంటుతో నడిచేవి అన్నీ కలిపి ఓ టీవీ, రేడియో, రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు. నాన్న మధ్యాహ్నమే డాబా ఎక్కి టీవీ యాంటెనా గొట్టం విప్పి కింద పడుకోబెట్టేశారు. "ఎత్తున ఉన్నదాన్ని దించెయ్యాలి, దించలేనిదాన్ని బిగించెయ్యాలి" అన్నారు. ఆ పూట ఆయన చేసిన తుపాను ఏర్పాట్లలో యంత్రాలకు సంబంధించినది అదొక్కటే. వారాల తరబడి కరెంటు రాలేదు. విసనకర్రలతో గడిపేశాం. చెమట పట్టిందని ఎవరూ చచ్చిపోలేదు. అంటే, చచ్చిపోయేంత స్థితిలో ఉన్నవాళ్ళు మా ఇంట్లో అప్పుడు లేరు.

ఇప్పుడు ఉన్నారు. 2019 వేసవిలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పనిచేయవు. మాట సగం సగం వస్తుంది. మంచంలోనే ఉండే మనిషికి చెమట ఎంత శత్రువో డెల్టాలో ఉన్నవాళ్ళకే తెలియాలి. మాకు రాయలసీమ ఎండ కాదు. గాలిలో నీళ్ళు కలిసిన ఎండ. పట్టిన చెమట ఆరదు. వీపు తడిసి, దుప్పటి తడిసి, ఒరిపిడికి చర్మం లేచిపోతుంది. పుండు పడిందంటే మానడం కష్టం. డాక్టరుగారు మందుల చీటీ రాసి, చివర్లో "ఓ ఏసీ పెట్టించండి" అన్నారు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు. అప్పట్నుంచీ ఏసీని విలాసం అనే అలవాటు మానుకున్నాను.

ఇక్కడో చిన్న ముచ్చట. విల్లిస్ క్యారియర్ 1902లో ఈ యంత్రం ఊహించింది మనుషుల కోసం కాదు. న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు ఉండేది. గాలిలో తేమకు కాగితాలు ఉబ్బి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి పుట్టింది ఏసీ. మన డెల్టా కోసమే పుట్టినట్టు లేదూ!

సరే, మా ఇంటి సంగతి. నాన్న గది కిందనే. గది వెనక మూడడుగుల సందు. వానాకాలం కాలవలు పొంగితే ఆ సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అందుకని ఔట్‌డోర్ యూనిట్‌ను కింద పెట్టకుండా పన్నెండు అడుగుల ఎత్తున గోడకు బిగించారు. నీళ్ళ నుంచి కాపాడుకోవడం వరకు అది సరైన ఆలోచనే. అయితే సందు అవతల మామ్మగారి ఇల్లుంది. ఆవిడ రేకుల వసారా చూరు దాదాపు మా గోడ దాకా వస్తుంది. అంటే ముప్ఫయ్ అయిదు కిలోల ఇనుము, రాగి, అల్యూమినియం కలిసిన పెట్టె సరిగ్గా ఆవిడ రేకుల నెత్తిమీద వేలాడుతోందన్నమాట. మామ్మగారికి డెబ్భై అయిదు దాటాయి. ఒక్కరే ఉంటారు. మంచం ఆ వసారాలోనే.

మెకానిక్కును పిలిపించాను. నిచ్చెన వేసి ఎక్కాడు. స్పానరు తీయకుండానే ఒక నట్టును వేళ్ళతో తిప్పి చూపించాడు.

"ఇది బోల్టుల మీద నిలబళ్ళేదండి, అలవాటు మీద నిలబడిందండి" అన్నాడు.

పెట్టెను స్టాండుకు పట్టి ఉంచాల్సినవి నాలుగు బోల్టులు. అక్కడ ఉన్నవి రెండే, అదీ ఎదురెదురు మూలల్లో. వాషర్లు లేవు. స్టాండును గోడకు పట్టి ఉంచే ఫాస్టనర్లలో ఒకటి ఇటుక పొడిలో వదులుగా ఆడుతోంది. అమర్చినవాళ్ళు ఎవరో చెప్పి ఇప్పుడు లాభం లేదు. వేసవిలో రోజుకు పది బిగించే తొందరలో ఎవరైనా అలాగే చేస్తారేమో. మెకానిక్కు మాటల్లో తేలింది ఏమిటంటే, అతను చూసిన వాటిలో చాలా వాటికి ఇదే కథ. గోడకు కొట్టే ఫాస్టనరు గట్టి కాంక్రీటులో బాగా పట్టుకుంటుంది. మన ఇళ్ళకు ఉండేది ఇటుక గోడ, దానిమీద అంగుళం మందం సిమెంటు పూత. పూతలోకి మాత్రమే దిగిన మేకు మామూలు రోజుల్లో బరువు మోస్తుంది. ఎందుకంటే ఆ బరువు కిందికి లాగుతుంది. గాలి అలా లాగదు కదా! అది పక్కకు లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది.

ఎంత లాగుతుంది? ఈ ప్రశ్న వేస్తే మా వీధి చివర రిటైర్డు ఇంజినీరుగారు కాగితం, పెన్ను తీసుకున్నారు. గాలివేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని రాసుకుని, దాన్ని దానితోనే గుణించి, ఆ వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. ఇళ్ళ కోసం మన ఇండియన్ స్టాండర్డు పుస్తకంలో ఉన్న లెక్కే ఇది. గంటకు వంద కిలోమీటర్ల గాలి అంటే చదరపు మీటరుకు సుమారు 47 కిలోలు. పెట్టె ముఖం అరమీటరు లోపే ఉంటుంది కాబట్టి దానిమీద ఇరవై కిలోల తోపు. ఫర్వాలేదనిపిస్తుంది. కానీ కోస్తా ఆంధ్రకు ఆ పుస్తకం పెట్టిన లెక్క సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అప్పుడు చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. అదే పెట్టె మీద డెబ్భై కిలోలు! "వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదోయ్, నాలుగింతలు. అక్కడే అందరూ బోల్తా పడతారు" అన్నారాయన. గోడచాటున ఉంటే కొంత తగ్గుతుంది, రెండు ఇళ్ళ సందున ఉంటే ఇరుకులో గాలి ఇంకా జోరందుకోవచ్చు. మాది సందు.

తుపాను అనే మాటకే మన దగ్గర మెట్లున్నాయి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. పేపర్లో 'తీవ్ర' అన్న ఒక్క మాట చేరగానే గోడ మీద బోల్టు ఎంత మోయాల్సి వస్తుందో ఇంజినీరుగారి కాగితం చూశాక అర్థమైంది. అసలు ఇంగ్లిషువాళ్ళ 'సైక్లోన్' అన్న మాట కూడా బంగాళాఖాతం పుణ్యమే. 1840లలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి దాన్ని తయారుచేశాడు. మాకు కూతవేటు దూరంలో అననుగానీ, కాకినాడ పక్కనున్న కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపాను ఉప్పెనలు తుడిచిపెట్టాయి. ఇంత పాత చుట్టరికం ఉన్న శత్రువు మనకు.

మొంథా కాకినాడ పరిసరాల్లో తీరం దాటవచ్చని చెప్పారు. అంటే మా ఈశాన్యం నుంచి. అక్టోబరు 27 సోమవారం పొద్దున్న, జల్లులు పడుతూ ఆగుతూ ఉండగా మెకానిక్కు పని మొదలుపెట్టాడు. ముందు మెయిన్ దగ్గర ఏసీ ఎంసీబీ దించాడు. "రిమోటుతో ఆపితే ఆగినట్టు కాదండి, లోపల బోర్డుకి కరెంటు అందుతానే ఉంటాదండి" అన్నాడు. తర్వాత పాత ఫాస్టనర్లను నమ్మకుండా గోడకు ఇటు నుంచి అటు రంధ్రాలు వేశాడు. తొమ్మిదంగుళాల గోడ. మరల కడ్డీలు దూర్చి, లోపలివైపు అరచేతి వెడల్పు ఇనుప పలకలు పెట్టి నట్లు బిగించాడు. ఇప్పుడు స్టాండు ఊడాలంటే ఇటుకలతో సహా ఊడాలి. పెట్టెకు నాలుగు బోల్టులూ పడ్డాయి. వాటికింద రబ్బరు దిమ్మలు మార్చాడు. పైన శ్లాబుకు కొక్కెం వేసి, పెట్టె కాళ్ళకు ఇనుప తీగతాడు కట్టాడు. ఒకవేళ స్టాండు వదిలేసినా పెట్టె కింద పడకుండా వేలాడుతుంది. నైలాన్ తాడు కడదామంటే ఒప్పుకోలేదు. ఎండకు పిప్పి అయిపోతుందట. తుప్పు మీద రెడాక్సైడు పూయడం మాత్రం వాన వెలిశాకే అన్నాడు.

నాన్న మంచం గది మధ్యకు జరిపాం. గోడలోంచి డ్రిల్లు మొన బయటికి వచ్చి ఇటుక పొడి రాలుతుంటే ఆయన కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఇనుప పలకలు బిగించాక ఎడమచెయ్యెత్తి "ఎన్ని?" అన్నారు. "నాలుగు" అన్నాను. తలూపారు.

పెట్టెకు కవరు తొడగాలా వద్దా అన్నదాని మీద మాత్రం వీధిలో పెద్ద చర్చే నడిచింది. ఎదురింటివారు బరకం తెచ్చి మూట కట్టినట్టు చుట్టేశారు. నాకైతే అది తెరచాప కట్టినట్టే కనిపించింది. యూనిట్ వానకు తడవడానికే తయారైంది. పై నుంచి పడే నీళ్ళతో దానికి ఇబ్బంది లేదు. బరకం కప్పితే గాలికి పట్టుకునే వైశాల్యం పెరుగుతుంది, టపటపా కొట్టుకుని తాళ్ళు తెంచుకుంటుంది. తుపాను వెళ్ళాక తీయడం మరిచిపోయి ఏసీ వేస్తే, వేడి బయటికి పోయే దారిలేక కంప్రెసరు కాలిపోతుంది. ఎలకలు కాపురం పెడితే అది వేరే ఖర్చు. యూనిట్‌కు అసలు ముప్పు ఎగిరొచ్చే వస్తువులతోనే. విరిగిన రేకు ముక్క, పూలకుండీ, ఎండిన కొబ్బరిమట్ట. కాబట్టి కవరు కొనే డబ్బుతో చెట్టుకు దింపు తీయించి, డాబా మీద సామాను కిందికి దించుకోవడం మేలు. మా పెరటి చెట్టు నుంచి ఆ రోజు ముప్ఫయ్ కాయలు, పదకొండు ఎండుమట్టలు దిగాయి.

సాయంత్రం మామ్మగారి దగ్గరికి వెళ్ళాను.

"రేపు రాత్రికి మా ఇంట్లో పడుకోండి మామ్మగారూ."

"ఎందుకురా అబ్బాయ్? తొంభై ఆరు తుపానుకే పోలేదు, ఇప్పుడు పోతానా?"

"అప్పుడు పెంకులండి, ఇప్పుడు రేకులు కదా."

ఆవిడ నవ్వారు. "రేకులు కాదులే. మీ పెట్టె పడుద్దని నీ బెంగ. ఆరేళ్ళనుంచీ దాని కిందే అంట్లు తోముకుంటన్నాను. ఎండాకాలం దాని వేడిగాలంతా నా వసారాలోకే. మీ నాన్న మంచంలో ఉన్నాడని ఊరుకున్నాను. లేపోతే ఎప్పుడో అడుగుదును" అన్నారు. ఏమీ మాట్లాడలేకపోయాను. కాసేపాగి ఆవిడే "దుప్పటి తెచ్చుకోనా, మీ దగ్గరుందా?" అని అడిగారు.

మంగళవారం మధ్యాహ్నం గాలి ఇంకా ముదరకముందు తలుపులు మూసి రెండు గంటలు ఏసీ వేసి ఉంచాం. గది గోడలు చల్లబడితే కరెంటు పోయాక కొన్ని గంటలు నెట్టుకురావచ్చు. అమెరికాలో తుపాను ముందు అలాగే చేస్తారని హ్యూస్టన్లో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి చెప్పాడు. తర్వాత ఎంసీబీ దించేశాం. దించడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే గాలికి పడిపోయిన ఏసీల కంటే కరెంటుకు కాలిపోయిన ఏసీలే ఎక్కువని మెకానిక్కు మాట.

వీధి స్తంభం మీద నాలుగు తీగలుంటాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఇంటింటికీ ఒక ఫేజు, న్యూట్రల్ కలిపి 230 వోల్టులు ఇస్తారు. గాలికి న్యూట్రల్ తీగ తెగిందనుకోండి, వేర్వేరు ఫేజుల మీద ఉన్న రెండు ఇళ్ళు ఒకే గొలుసులో పడతాయి. రెండింటి మధ్యా 400 వోల్టులకు పైగా పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా ఉండదు. ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటుంది, పక్కింట్లో అదే బల్బు టప్పుమని పేలుతుంది. ఆ క్షణంలో ఏసీ లైనులో ఉంటే పీసీబీ బోర్డు గతి చెప్పక్కర్లేదు. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీల్లో ఆ బోర్డు ఖరీదు తలుచుకుంటే చాలు, లేచి వెళ్ళి ఎంసీబీ దించేస్తాం. స్టెబిలైజరు ఉందిలే అని ధీమా పడేవాళ్ళున్నారు. అది మామూలు ఎగుడుదిగుళ్ళకేగానీ ఇలాంటి దెబ్బకు కాదు.

కరెంటు వచ్చిన తర్వాత కూడా కంగారు పనికిరాదు. మొదటి అరగంటా వస్తూ పోతూ ఉంటుంది. ఆగిన కంప్రెసరు లోపల గ్యాసు ఒత్తిడి రెండు వైపులా సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు కావాలి. సర్దుకోకముందే మళ్ళీ స్టార్టయితే అది బరువెత్తలేక మూలుగుతుంది. అందుకే ముందు బల్బు వేసి, వెలుగు నిలకడగా ఉందా చూసి, ఫ్యాను వేసి, ఫ్రిజ్ వేసి, చిట్టచివరికి ఏసీ వేయాలి.

ఆ రాత్రి మొంథా కాకినాడ వైపు కాక నరసాపురం దగ్గర తీరం దాటింది. అర్ధరాత్రి వేళ. గంటకు వంద కిలోమీటర్ల దాకా గాలులు తీరంలో వీచాయి. మాకు సాయంత్రం నుంచే కరెంటు లేదు. వెనక సందులో గాలి ఈలవేస్తూ ఉంటే మామ్మగారు హాల్లో దివాన్ మీద కూర్చుని 1977 దివిసీమ ఉప్పెన నాటి సంగతులు అమ్మతో చెబుతూ ఉన్నారు. ఎప్పుడో రెండింటికి ధడేలుమని శబ్దం వచ్చింది. టార్చి వేసి చూస్తే మా పెట్టె చోటనే ఉంది. పడింది ఎదురింటివారి బరకం మూట. పెట్టె పడలేదు, బరకం మాత్రం ఊడి, దాన్ని కట్టిన ఇటుకతో సహా మా సందులోకి వచ్చి మామ్మగారి రేకు ఒకదాన్ని పగలగొట్టింది. వసారాలో మంచం దుప్పటి మీద రేకు పెంకులు.

పొద్దున్నే ఎదురింటివారు వచ్చి కొత్త రేకు వేయించారు. మంచివాళ్ళు.

తుపాను వెళ్ళిన మర్నాడు గాలి బొత్తిగా స్తంభించిపోతుంది. ఉక్కపోత. నాన్న వీపు తడవడం మొదలైంది. బ్యాటరీ ఇన్వర్టరుతో ఫ్యాను తిరిగింది కానీ ఏసీని లాగే శక్తి దానికి ఉండదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పొడిగుడ్డతో ఒత్తడం అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. చిన్న జెనరేటరు అద్దెకు తెస్తానని బంధువొకరు ఫోను చేశారు. తెస్తే వరండాలో కిటికీ పక్కన పెడతారని తెలుసు, వద్దన్నాను. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపులు మూసిన ఇంట్లోకి చేరిందంటే నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మరొకటి కూడా ఉంది. జెనరేటరు వైరును ఇంటి ప్లగ్గులో గుచ్చితే ఆ కరెంటు మీటరు దాటి వీధి తీగలోకి ఎక్కుతుంది. తీగ చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ పరిస్థితి ఏమిటి? వాన తడిలో రాత్రింబవళ్ళు పనిచేసేది వాళ్ళే. తెగిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోను చేయడం వరకే మన పని.

హ్యూస్టన్ అన్నయ్యకు మాకంటే పెద్ద కష్టమే వచ్చింది. 2024 జులై 8న బెరిల్ హరికేన్ వెళ్ళాక ఆ చుట్టుపక్కల ఇరవై రెండు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాకా రాలేదు. జులై ఎండలో, చెక్క గోడల ఇళ్ళలో! వేడికి తాళలేక చనిపోయినవాళ్ళున్నారు. వాళ్ళకు చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం ఒకే ఏర్పాటులోంచి గొట్టాల ద్వారా ఇల్లంతా పాకుతుంది. అది పాడైతే రెండు కాలాలకూ ముప్పే. మనకు ఆ బాధ సగమే. మండపేటలో గదిని వెచ్చబెట్టే యంత్రం కొంటానంటే నవ్వుతారు. వాళ్ళ యూనిట్లు నేలమీద సిమెంటు పలకపై ఉంటాయి. గాలికి దొర్లకుండా ఇనుప పట్టీలతో పలకకు బిగించమని ఫ్లోరిడా లాంటి చోట్ల ఇళ్ళ నిబంధనల్లోనే రాశారు. వరద వచ్చే చోట దిమ్మె ఎత్తు పెంచుకుంటారు. మన దగ్గర ఇంటి ప్లానుకు అనుమతి కోసం మెట్ల వెడల్పు దాకా చూస్తారుగానీ, గోడకు తగిలించబోయే ఈ బరువు గురించి అడిగినవాళ్ళను నేను చూడలేదు.

నేలమీద పెట్టుకున్నవాళ్ళకు నీళ్ళ గండం. మా వీధిలో నాలుగింటిలో రెండు సగం దాకా మునిగాయి. మురుగుకాలవ నీళ్ళు. మునిగిన యూనిట్‌ను ఎండ కాయగానే వేసి చూడటం కంటే బుద్ధితక్కువ పని లేదు. బోర్డులో, ఫ్యాను మోటారులో తడి ఉండిపోతుంది. మెకానిక్కు విప్పి, కడిగి, ఆరబెట్టి, ఎర్తింగు సరిచూశాకే కరెంటు ఇవ్వాలి. రేకుల మధ్య బురదను సన్నటి ధారతో కడగాలి. పైపు నొక్కిపట్టి జోరుగా కొడితే ఆ అల్యూమినియం పొరలు వంగిపోతాయి. ఇక ఎవరూ ఊహించని శత్రువు బల్లి. వాననీళ్ళకు వెచ్చటి చోటు వెతుక్కుంటూ బోర్డులోకి దూరి, తను చస్తూ రెండు తీగల్ని కలిపేస్తుంది. ఎదురింటి యూనిట్ బరకం ఊడినా చెక్కుచెదరలేదు కానీ వారం తర్వాత బల్లితో పోయింది.

వారంటీ కాగితం తీసి చూస్తే ప్రకృతి వైపరీత్యాలకు వర్తించదని ఉంటుంది. ఇంటి బీమా సంగతి వేరు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ ఇవ్వాల్సి వస్తోంది. తుపాను, వరద నష్టాలు అందులో ఉన్నాయి. ఇంటికి తీసుకుంటే సామానుకు కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, పది లక్షలకు మించకుండా, దానంతట అదే వర్తిస్తుంది. మా వీధిలో కార్లకు బీమా లేనివాళ్ళు లేరు, ఇంటికి ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో.

కరెంటు బుధవారం సాయంత్రం వచ్చింది. బల్బు, ఫ్యాను, ఫ్రిజ్ అయ్యాక ఏసీ వేశాం. మామ్మగారి వసారాలోకి వేడిగాలి పోకుండా పెట్టె ముందు వాలు రేకు ఒకటి బిగించి గాలిని పైకి మళ్ళించవచ్చని మెకానిక్కు చెప్పాడు. నవంబరులో అదీ పెట్టించాం. గాలి దారికి మరీ దగ్గరగా పెడితే కంప్రెసరు మీద భారం పడుతుందట, అందుకని రెండడుగుల దూరం ఉంచాడు. తుపానొస్తే విప్పి లోపల పెట్టేలా రెక్కనట్లు వేశాడు.

బంగాళాఖాతానికి రెండు తుపాను కాలాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి, ఏప్రిల్, మే నెలల్లో మరొకటి. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది అలాంటి వేసవిలోనే. ఏసీ క్షణం ఆపడానికి వీల్లేని రోజుల్లో వచ్చే తుపాను అది. కాబట్టి ఉగాదికి ముందే మెకానిక్కును పిలిచి వీధిలో యూనిట్లన్నీ ఒకసారి చూపించాం. పందొమ్మిదిలో పదకొండింటికి బోల్టులు తక్కువున్నాయి. పది ఇళ్ళవాళ్ళు వేయించుకున్నారు. పదకొండోది బజ్జీల బండి మీద ఉన్నది. ఆ ఇంటివాళ్ళు హైదరాబాదులో ఉంటారు, ఇల్లు తాళం. ఫోను చేస్తే "వచ్చే నెల వస్తున్నాం, అప్పుడు చూద్దాం" అన్నారు. బండాయన మాత్రం ఆగలేదు. బండిని నాలుగడుగులు ఇవతలికి జరుపుకున్నాడు.